మూడో హ్యాచ్‌లో మా మరదలి పాట

కంప్యూటరు తుప్పు పట్టి పోతుందని మెయిన్‌ల్యాండ్ వాళ్లతో అంటే నవ్వుతారు. ఈ దీవుల్లో, మిన్నీ బేలో మా ఇంటికొచ్చి చూడమనండి. సముద్రపు గాలి కిటికీ చువ్వల్ని తింటుంది, ఫ్యాను రెక్కల్ని తింటుంది, గోడకి కొట్టిన మేకుని తినేసి దాని కింద ఎర్రటి చార మాత్రం మిగులుస్తుంది. మా కంప్యూటరు డబ్బా విప్పితే లోపల పచ్చటి పొడి రాలింది. స్విచ్చి వేస్తే ఓ రోజు లేచేది, ఓ రోజు లేచేది కాదు. అది పూర్తిగా కన్ను మూసేలోపల అందులోంచి నేను బయటికి తీయాల్సింది ఒక్కటే. మా ఆవిడ పాట.

ఆవిడ పాట అంటే ఆవిడ పాడింది కాదు, ఆవిడ చెల్లెలు పాడింది. శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున ఓ ఊళ్లో చిన్న ప్రార్థన మందిరం ఉంది. అక్కడి ఆడవాళ్లు కూడి పాడిన పాటల్ని ఎవరో రికార్డు చేసి ఇంటర్నెట్‌లో ఓ పేజీలో పెట్టారు. వాటిలో ఒక పాటలో రెండో చరణం మా మరదలు ఒక్కతే పాడుతుంది. ఆమె చనిపోయిన వారం సముద్రం బాగోక ఓడ కదల్లేదు. మేం కడసారి చూపుకి అందలేదు. అప్పట్నుంచీ మా ఆవిడకి ఆ చరణమే చెల్లెలు.

ఆవిడకి మతి జారిపోతోంది. ఇందులో దాచడానికేం లేదు, మా వాళ్లందరికీ తెలుసు. కూరలో ఉప్పు వేసిందీ లేనిదీ తెలీదు. కొన్ని రోజులు నన్నే చూసి ఎవరో చుట్టం వచ్చాడనుకుని కుర్చీ వేస్తుంది. ఇంటికి మనిషొస్తే బియ్యం కొలిచి పొయ్యి మీద పెట్టడం ఒక్కటి మాత్రం చేతులు మరవలేదు. మధ్యాహ్నం దాటాక కంప్యూటరు ముందు కూర్చుంటుంది. పైన వరసలో మూడో గుర్తు దగ్గరికి బాణం జరిపి నొక్కుతుంది. చెల్లెలు పాడుతుంది. ఇక చీకటి పడేదాకా ఇల్లు ప్రశాంతం. ఆ పాట దొరకని రోజున ప్రతి గదీ తలుపు తీసి చూస్తుంది, గేటు తీస్తుంది, రోడ్డెక్కుతుంది.

పోనీ నేనే నొక్కి వినిపిద్దామంటే ఒప్పుకోదు. ఓసారి అలా చేస్తే చెవులు మూసుకుంది.

"నువ్వు పిలిస్తే అది రాదు," అంది. "నాను పిలిస్తేనే వొస్తాది."

అందుకని ఆ గుర్తు ఎక్కడుండాలో అక్కడే ఉండాలి. ఆవిడ ఇప్పుడు అక్షరాలు చదవలేదు, పేర్లు పట్టలేదు. చోటు మాత్రం పట్టుకుంది. ఆ చోటు నేర్పింది నేనే. నేను హాడో జెట్టీలో ఓడల సరుకు ఎత్తే విన్చి నడిపినవాణ్ణి. జెట్టీలో సరుకు పేరు ఎవడూ అడగడు. సరుకు గదుల మూతల్ని ఓడ ముక్కు దగ్గర్నుంచి లెక్కపెట్టి, ఒకటో హ్యాచ్, రెండో హ్యాచ్, అంతే. "మూడో హ్యాచ్ ఖోలో" అని కేక పడితే, కింద సిమెంటుందో చక్కెరుందో అనవసరం, చెయ్యి అటే పోతుంది. బ్రౌజరు పైన వరసని కూడా అలాగే పేర్చాను. పేర్లు తీసేసి చిన్న గుర్తులు మాత్రమే ఉంచాను. ఒకటో హ్యాచ్‌లో మెయిన్‌ల్యాండ్ ఓడలు ఎప్పుడొస్తాయో చెప్పే పేజీ, రెండోదాంట్లో బైబిలు చదివి వినిపించేది, మూడోదాంట్లో పాట, నాలుగోదాంట్లో శ్రీకాకుళం వాతావరణం. ఆవిడ వేలు పట్టుకుని, కేక వేసి నేర్పాను. నేర్చుకుంది.

ఆ పాట పేజీ వెతికితే దొరికేది కాదు. ఎప్పుడో పాత ఫాంటులో కట్టిన పేజీ. తెలుగులో కొట్టినా, ఇంగ్లీషులో కొట్టినా సెర్చిలో తగలదు. దాని పేరు చదివితే పిచ్చి గీతల్లా ఉంటుంది. ఆ మందిరం మనిషొకడు వేరే ఎవరికో పంపిన లింకు, చేతులు మారి మారి నా దగ్గరికొచ్చింది. ఆ చేతుల్లో ఇప్పుడు మిగిలిన చెయ్యి నాదొక్కటే. బుక్‌మార్కు పోతే పాట పోయినట్టే.

అందుకే దానికి కాపీ తీసి పెట్టుకోవడం నాకు నేనే నేర్చుకున్నాను. బుక్‌మార్కులన్నింటినీ ఒక్క ఫైలుగా బయటికి తీయొచ్చు, దాన్ని ఇంకో కంప్యూటర్లో పోసుకోవచ్చు. ఆ ఫైలుని పెన్‌డ్రైవులో వేసి, పెన్‌డ్రైవుని బియ్యం డబ్బాలో పాతిపెట్టేవాణ్ణి. చెమ్మ తగలకుండా దీవుల్లో అందరం చేసే పనే. 'సింక్' అని ఒకటుంది, దానంతట అదే అన్ని మిషన్లలోకీ ఎక్కిస్తుంది, అది మాత్రం నేను ముట్టుకోలేదు. సముద్రం కింద కేబులు రాకముందు మా నెట్టు సంగతి మాకు తెలుసు. ఒక పేజీ తెరుచుకునేలోపల టీ కాచుకుని తాగొచ్చు. అప్పట్లో సింక్ అనేది నెట్టు తాగేసే దెయ్యమని అందరం ఆపేసుకున్నాం. కేబులొచ్చాక అందరూ మళ్లీ తెరిచారు. నేను తెరవలేదు. తెరిచినవాళ్లలో అందరికంటే ముందు మా తమ్ముడు.

మా తమ్ముడి గురించి చెప్పకపోతే ఈ సంగతి అర్థం కాదు. వాడు వైజాగ్‌లో కాలేజీ చదివి, ఇక్కడ ఓ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై, మిడిల్ పాయింట్‌లో ఇల్లు కట్టాడు. మా తెలుగువాళ్ల ఏ మీటింగైనా మైకు వాడి చేతిలోనే ఉంటుంది. మన వాళ్లు ఈ దీవులకి ఎలా వచ్చారో పుస్తకం రాస్తున్నానని ఏళ్ల తరబడి చెబుతున్నాడు. దానికోసం ఇంటర్నెట్‌లో దొరికిన ప్రతి పేజీకీ బుక్‌మార్కు పెట్టుకున్నాడు.

వాడంటే నాకు మొదట గుర్తొచ్చేదేంటో చెబుతాను. నన్ను బడి మాన్పించి జెట్టీలో పెట్టారు, వాణ్ణి బడికి పంపారు. అందులో వాడి తప్పు లేదు. ఓ రోజు బడి నుంచి నేరుగా జెట్టీకొచ్చాడు. అక్కడ పలక మీద సుద్దతో ఆ రోజు పనికి దిగే గ్యాంగు పేర్లు రాసేవారు. అందరూ టీ తాగుతుంటే వాడు ఆ పలక దగ్గర నిలబడి, "అన్నియ్యా, ఇందులో నీ పేరేదో సూపించు," అన్నాడు. నేను ఒకదాని మీద వేలు పెట్టాను. అది వంటవాడి పేరు. గ్యాంగంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. చాన్నాళ్లు నన్ను ఆ వంటవాడి పేరుతోనే పిలిచారు. వాడు పిల్లాడు, తెలీక చేశాడు అనేవాళ్లున్నారు. తెలిసే చేశాడు. నాకు చదువు రాదని ఆ జెట్టీలో తెలిసింది వాడొక్కడికే.

పెళ్లయ్యాక ప్రార్థనలో మా ఆవిడ పక్కన కూర్చునేవాణ్ణి. పాటలన్నీ నాకు నోటికొచ్చు. ఆవిడ పుస్తకంలో వరస కింద వేలు జరుపుతూ పాడేది. ఏ మాట పాడుతుంటే వేలు ఏ ముక్క కింద ఉందో చూసుకుని చూసుకుని చదవడం పట్టేశాను. ఎవరూ నేర్పలేదు. ఆ వేలు నాకు దారి చూపుతోందని ఆవిడకి కూడా తెలీదు.

సరే, కంప్యూటరు డబ్బా చచ్చేలా ఉందని తమ్ముడికి తెలిసింది. ఓ ఆదివారం ప్రార్థన అయ్యాక తన పాత లాప్‌టాప్ సంకలో పెట్టుకుని వచ్చాడు. ఆ వేళకి మా మందిరం ఆడవాళ్లిద్దరు మా ఆవిణ్ణి చూడ్డానికొచ్చి కూర్చుని ఉన్నారు. వాడికి జనం ఉంటే ఊపొస్తుంది.

ఫైలు నేను ముందే తీసి ఉంచాను. పెన్‌డ్రైవు ఇచ్చి, "నేను ఎక్కించుకుంటాన్లే," అన్నాను.

"నువ్వు జరుగన్నియ్యా. తేరే బస్‌కా నహీ, నీ వొల్ల కాదు."

పోశాడు. ఆ లాప్‌టాప్ వాడిది, అందులో వాడి గుర్తులు వరస నిండా ఉన్నాయి. ముందే వరస నిండి ఉంటే, బయట్నుంచి పోసినవి పైకి రావు. 'ఇంపోర్టెడ్' అనే ఫోల్డర్లో పడి ఎక్కడో కుడి చివర మూలన కూర్చుంటాయి. ఆ సంగతి నాకు తెలుసు, అందుకే పైకి జరపమన్నాను.

"సబ్ వొచ్చీసినాయి కదా, ఇంకేటి? ఆ ఫోల్డర్లో సూసుకో. నా వరస మాత్రం కదపకు, అవన్నీ నా బుక్కు సామాను. ఇంటికాడ కంప్యూటరు, ఫోను, ఇది, మూడూ ఒకటే అన్నియ్యా. ఇక్కడ కదిపితే అక్కడా కదుల్తుంది. పోన్లే, నీకు సమఝ్ కాదు."

"మీ వొదినకి ఫోల్డర్లు తెలీవు," అన్నాను.

"అరే, వొదినకి తెలీనిదేముంది?" అని ఆవిణ్ణి కేకేశాడు. "వొదినా, రా రా! నీ మరిది కొత్త మిషన్ తెచ్చాడు. నాకేటి ఇస్తావు?"

మరిది వదినని ఆట పట్టించడం మనలో ఉన్నదే, నేను కాదనను. ఒకప్పుడు ఈవిడ ముందు వాడు నిలిచేవాడు కాదు. వాడు మొదటిసారి గొట్టం ప్యాంటు వేసుకుని మా గుమ్మం ఎక్కినప్పుడు, "ఏటి మరిదీ, ఆ పేంటు నువ్వేసుకున్నావా, అదే నిన్నేసుకుందా?" అంది. వాడు ఆ ప్యాంటు మళ్లీ మా ఇంటికి వేసుకు రాలేదు. అలాంటి మనిషి ఇప్పుడు వాడు రమ్మంటే చెయ్యి తుడుచుకుంటూ వచ్చి బుద్ధిగా కూర్చుంది.

"సెల్లి పాట గావాలా? ఏదీ, పట్టుకో సూద్దాం."

ఆవిడ బాణం జరిపింది. మూడో చోట ఆపి నొక్కింది. వాడి మూడో గుర్తు ఏదో వార్తల ఛానెలు. గుబురు మీసాలవాడొకడు బల్ల గుద్దుతూ అరిచాడు. ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

"అరే వొదినా, యే కౌన్ హై? నీ సెల్లికి మీసాలెప్పుడు మొలిసినాయి?"

వచ్చిన ఆడవాళ్లిద్దరూ నవ్వారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

"ఫిర్ సే! ఇంకొక్క ఛాన్సు."

మళ్లీ అక్కడే నొక్కింది. మళ్లీ మీసాలవాడు. మళ్లీ నవ్వులు. ఆవిడ ఇక వాణ్ణి చూడలేదు, నా మొహం చూసింది.

"నాను పిలిసినాను కదా. రాట్నేదేటి? నా మీద కోపమొచ్చిందా దానికి?"

కొంగు అడ్డం పెట్టుకున్నామె నవ్వు ఆపేసింది. "బస్ కరో భయ్యా, పాపం," అంది. అంతటితో ఊరుకుంటే వాడు వాడు కాడు.

"కోపం లేదు గీపం లేదు వొదినా. నీ సెల్లి ఇల్లు మారిపోయింది. హాడోలో నయా క్వార్టర్ ఇచ్చారు!"

టీ తాగి, గ్లాసు అక్కడే పెట్టి, లాప్‌టాప్ గొప్పదనం ఇంకాసేపు చెప్పి వెళ్లిపోయాడు. నేను వాడి వరస కదపలేదు. ఎందుకంటే తమ్ముడి సామాను. ఫోల్డరు తెరిచి, లోపలి వరసలో మూడోది ఆవిడకి చూపించాను. చూడలేదు. పైన మూడో చోట నొక్కడం, మీసాలవాడు అరవడం, మూత ధడేల్మని మూయడం. మూడు పూటలు ఇదే వరస.

ఆ మర్నాడు నేను స్నానం చేసి వచ్చేసరికి గేటు తీసి ఉంది. రోడ్డు ఆ చివరా ఈ చివరా వెతికాను. కనపడినవాళ్లందరినీ అడిగాను. ఎండ నెత్తి మీదికొచ్చాక ఆటోలో తీసుకొచ్చింది కాస్త తెలుగు వచ్చిన ఎవరో హిందీ ఆమె. మా ఆవిడ కాలికి చెప్పు లేదు, మడమ కోసుకుపోయి రక్తం కారుతోంది.

"చాచా, యే ఆప్‌కీ హై క్యా? హాడోలో క్వార్టర్ క్వార్టర్ తలుపు కొడతాంది. సెల్లి ఇల్లేది, సెల్లి ఇల్లేది అని. ఎవరో చోర్ అనుకుని అరిచినారు."

చోర్. పాటల పుస్తకంలో తన వేలితో నాకు చదువు చెప్పిన మనిషిని హాడో క్వార్టర్లలో దొంగ అన్నారు. ఎవరో అనలేదు, మా తమ్ముడు అనిపించాడు. వాడి హాస్యం ఆవిడ నిజమనుకుంది. వాడు చెప్పిన అడ్రసుకి నడుచుకుంటూ వెళ్లింది.

కాలు కడిగి కట్టు కట్టాను. ఆవిడ పడుకున్నాక లాప్‌టాప్ తెరిచాను. లాప్‌టాప్‌లోంచి వాడి అకౌంటు సైన్ అవుట్ చేస్తే సరిపోయేది. వాడి గుర్తులు వాడికి ఉండేవి, నా వరస నాకొచ్చేది. ఆ సంగతి నాకు తెలుసు. చదువుకున్నాను కాబట్టి తెలుసు. అలవాటు కొద్దీ ముందు వాడి గుర్తులన్నీ ఒక ఫైలుగా తీసి పెన్‌డ్రైవులో వేశాను. ఆ తర్వాత సైన్ అవుట్ చేయకుండానే వాడి వరస అంతా చెరిపేశాను. వరసా, ఫోల్డర్లూ, ఫోల్డర్లలో ఫోల్డర్లూ. ఇక్కడ కదిపితే అక్కడా కదుల్తుందని వాడే చెప్పాడు కదా. మిడిల్ పాయింట్‌లో కంప్యూటర్లో, వాడి జేబులో ఫోన్లో, అన్నిచోట్లా ఖాళీ అయ్యేదాకా ఆగాను. అప్పుడు సైన్ అవుట్ చేశాను. తర్వాత నా నాలుగు గుర్తులూ నాలుగు చోట్ల పెట్టి, పెన్‌డ్రైవుని బియ్యంలో పాతేశాను.

సాయంత్రం ఆవిడ కుంటుకుంటూ వచ్చి కూర్చుంది. నేను కాస్త దూరంగా నిలబడి, జెట్టీలో వేసినట్టు, "మూడో హ్యాచ్ ఖోలో!" అని కేకేశాను. బాణం జరిపింది. నొక్కింది. రెండో చరణం రాగానే, "వొచ్చినావా," అంది మెల్లిగా. కట్టు కట్టిన కాలు ఊపుతూ వింది.

మర్నాడు మధ్యాహ్నం దాటుతుండగా తమ్ముడు దిగాడు. చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నాడు.

"అన్నియ్యా, ఏటి సేసినావు? ఫోన్లో ఖాళీ, ఇంటికాడ ఖాళీ!"

"చెరిపాను."

"గల్తీ సే?"

"కాదు. తెలిసే."

"అది నా బుక్కన్నియ్యా! సగం పేజీలు నాకు మళ్లీ దొరకవు. ఇన్నేళ్ల మెహనత్!"

"కాపీ తీసి పెట్టుకోలేదా?"

"సింక్ ఉంది కదా అని…"

"పోనీ నోటికి గుర్తున్నవి చెప్పు. మళ్లీ వెతుక్కోవచ్చు. మొదటిది ఏది?"

వాడు కళ్లు చిట్లించి, "పాత ఓడల ఫోటోల పేజీ," అన్నాడు.

"తప్పు. మొదటిది నీ బ్యాంకు. మూడోది?"

"మూడోది… జనాభా లెక్కలది…"

"మూడోది మీసాలవాడు. మీ వొదినకి తెలుసు. మళ్లీ అడుగుతాను, ఫిర్ సే. ఇంకొక్క ఛాన్సు. రెండోది?"

వాడికి అప్పుడు అర్థమైంది. మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను ఆపలేదు. రెండోది అడిగాను, ఐదోది అడిగాను, ఏడోది అడిగాను. వాడు కుర్చీలో కూలబడి రెండు చేతులతో తల పట్టుకునేదాకా అడిగాను. అప్పుడు హాడోలో తలుపులు కొట్టిన సంగతి చెప్పాను, చోర్ అన్న సంగతి చెప్పాను. కట్టు తడిసి ఇంకా రక్తం మరక ఉంది, అది చూపించాను. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడి బుక్కు కోసమో ఆవిడ కాలు కోసమో నేను అడగలేదు.

మాటలు విని మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది. మనిషొచ్చాడు. ఇక ఆవిడ చేసేది ఒక్కటే.

"మరిదా? కూకో, కూకో. తినే ఎల్దువు," అని లోపలికెళ్లింది. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు వినపడ్డాక నాకు గుర్తొచ్చింది. లేచేలోపలే గిన్నెతో బియ్యం కొలిచి, అరచేతిలో ఏదో పట్టుకుని బయటికొచ్చేసింది.

"ఇదేటి మరిదీ, ఇంత నల్ల పురుగు? నీదేనా?"

వాడి చేతిలో పెట్టింది. వాడు పెన్‌డ్రైవు చూశాడు, నన్ను చూశాడు. నా మొహంలో దొరికిపోయింది.

"ఇందులో ఉందా అన్నియ్యా? నాది ఉందా?"

ఆవిడ ఇచ్చింది, ఆవిడ చేతి మీదుగా పోయినదాన్ని లాక్కోలేదు, అంతే. "ఇక్కడే, నా ఎదురుగానే పోసి చూసుకో," అన్నాను. "సైన్ ఇన్ చేసినట్టు కనపడితే చెయ్యి విరుస్తాను."

పోశాడు. నా నాలుగు గుర్తులతో వరస ముందే ఉంది కాబట్టి వాడివేవీ పైకి రాలేదు. కుడి చివర ఉన్న ఫోల్డర్లోకి దూరాయి. వాడు అన్నీ పైన వరసలోనే ఉంటాయనుకుని అక్కడే వెతుకుతున్నాడు. ఒకటో హ్యాచ్ నొక్కాడు, ఓడల పేజీ వచ్చింది. నాలుగోది నొక్కాడు, శ్రీకాకుళంలో వాన అని వచ్చింది.

"లేవన్నియ్యా. కహా గయా? ఫైలు ఖరాబైందా?"

"సబ్ వచ్చేసినాయి కదా," అన్నాను.

ఓ సూపరింటెండెంటు చేతిలో మౌసు. గుర్తుల మీద బాణం అటూ ఇటూ పరిగెడుతోంది. చెమట ముక్కు మీద నిలిచింది. ఎక్కడుందో నాకు తెలుసు. చెప్పలేదు.

పొయ్యి మీద ఎసరు పెట్టి మా ఆవిడ వచ్చింది. వాడి చెయ్యి పట్టుకుని మౌసు మీద నుంచి తీసి పక్కన పెట్టింది.

"లెగు మరిదీ. నా సెల్లి వొచ్చే ఏళైంది."

వాడు లేచాడు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆవిడ కూర్చుని, బాణం జరిపి, మూడోది నొక్కింది. మందిరం ఆడవాళ్లంతా కలిసి మొదటి చరణం ఎత్తుకున్నారు. తర్వాత మా మరదలు ఒక్కతే పాడింది. వాడు పాట అయిపోయేదాకా ఆగాడు. అయిపోగానే ఆవిడ మళ్లీ నొక్కింది.

గంజి పొంగి పొయ్యి మీద పడిన వాసన వచ్చింది. వెళ్లి మంట తగ్గించి వచ్చాను. వాడు ఆవిడ భుజం మీదుగా వంగి, కళ్లు చిట్లించి, పాట నడుస్తుండగానే ఇంకా ఎడమ వైపే వెతుకుతున్నాడు.

ముగ్గురికీ కంచాలు పెట్టాను. కుడి వైపు చూడమని మాత్రం చెప్పలేదు.